84 అన్న అంకె: గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న ఒక పేషెంటు కేసు

ఈ కేసులో పేషెంటు వయసు, వ్యాపారం, ఉండే ప్రాంతం మార్చాను. ల్యాబు అంకెలు, గంటల లెక్క మాత్రం అలాగే ఉంచాను. నేర్చుకోవాల్సింది వాటిలోనే ఉంది. 84 అన్నది మెదడుకు ఎంత దెబ్బ తగిలిందో అంచనా వేయడానికి చేసే ఒక రక్తపరీక్షలో వచ్చిన అంకె. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో క్రిటికల్ కేర్ డాక్టర్‌గా పనిచేస్తున్నాను.

నేపథ్యం

ఆయనకు యాభై దాటాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు హార్డ్‌వేర్ షాపు. బీపీ ఉంది, మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మరిచిపోయే అలవాటు. ఒక సోమవారం పొద్దున ఏడున్నరకు షాపు షట్టర్ లేపుతూ అక్కడికక్కడే పడిపోయారు. పక్కన టీ కొట్టు దగ్గరున్న కొడుకు పరుగెత్తుకొచ్చాడు. ఆ అబ్బాయి కాలేజీలో ఒకసారి సీపీఆర్ శిక్షణకు కూర్చున్నాడు. రెండు మూడు నిమిషాలు ఏం చేయాలో తోచలేదనీ, ఆ తర్వాత ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాననీ తర్వాత నాతో చెప్పాడు. పక్క షాపాయన కారులో దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు చేర్చారు. అక్కడ మానిటర్ మీద వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, అంటే గుండె కొట్టుకోకుండా లయ తప్పి వణకడం. మూడు షాకులు ఇచ్చాక గుండె అందుకుంది. పడిపోయినప్పటి నుంచి అప్పటికి సుమారు 25 నిమిషాలు.

మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరికి గొంతులో ట్యూబ్ వేసి ఉంది, స్పృహ లేదు. ఈసీజీలో పెద్ద హార్ట్ ఎటాక్. క్యాథ్ ల్యాబులో గుండె ముందువైపు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి కనిపించింది, స్టెంట్ వేశారు. బీపీ నిలబడక గుండెకు ఆసరాగా బెలూన్ పంప్ పెట్టాల్సి వచ్చింది. ఐసీయూకు తెచ్చేదారిలో తీసిన తల సీటీ బాగానే ఉంది. మొదటి కొన్ని గంటల్లో తీసిన సీటీ బాగున్నంత మాత్రాన మెదడు క్షేమమని చెప్పలేం, అందుకే దాన్ని అటూ ఇటూ లెక్కలోకి తీసుకోలేదు.

అసలు సమస్య

గుండె దారిలో పడింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే. వాళ్లావిడ ఐసీయూ తలుపు దగ్గర నిలబడి రోజుకు పదిసార్లు అడిగేది అదే: "మనిషి లేస్తడా సార్?"

ఈ ప్రశ్నకు మాకు ఒకే పరీక్షతో జవాబు దొరకదు. కంటిపాపలు, కనురెప్పల స్పందన, మెదడు విద్యుత్ అలలను గీసే ఈఈజీ, చేతి నరానికి షాకిచ్చి మెదడులో సంకేతం చూసే ఎస్‌ఎస్‌ఈపీ, స్కానింగులు, రక్తపరీక్ష, వీటన్నిటినీ కలిపి చూస్తాం. రక్తపరీక్షల్లో ఎక్కువగా వాడేది ఎన్‌ఎస్‌ఈ, అంటే న్యూరాన్ స్పెసిఫిక్ ఎనొలేజ్. నాడీకణంలో ఉండే ఎంజైమ్ ఇది. ఆక్సిజన్ అందక కణం చితికితే రక్తంలోకి చేరుతుంది. ఎక్కువ కణాలు పోతే అంకె ఎక్కువ వస్తుంది. 24 గంటల దగ్గర కంటే 48, 72 గంటల దగ్గర దాని మాటకు బలం ఎక్కువ.

ఎంత ఉంటే భయపడాలన్నది కాలంతో మారుతూ వచ్చింది. 2006లో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ మొదటి మూడు రోజుల్లో లీటరుకు 33 మైక్రోగ్రాములు దాటితే ఫలితం బాగుండదని రాసింది. శరీరాన్ని చల్లబరిచే చికిత్స వాడకం పెరిగాక 33 దాటినవాళ్లు కూడా లేచి నడుచుకుంటూ ఇంటికి వెళ్లడం చూశాం. 2021 యూరప్ గైడ్‌లైన్స్ ఆ గీతను 48 లేదా 72 గంటల దగ్గర 60 మైక్రోగ్రాములకు జరిపాయి. అక్కడ కూడా ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పొద్దని స్పష్టంగా ఉంది. వాటి ప్రకారం కనీసం 72 గంటలు గడవాలి, మత్తు ప్రభావం పోవాలి, అప్పటికీ కదలిక స్కోరు (1 అంటే కదలికే లేదు, 6 అంటే చెప్పినట్టు చేస్తారు) 3 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, చెడు సూచనలు కనీసం రెండు కలవాలి. ఒక్కటే ఉంటే ఆగి మళ్లీ చూడాలి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా బుధవారం రాత్రి నేను చేసింది వేరు.

మొదట చేసినవి

జ్వరం రాకుండా ఒంటి వేడిని 37.7 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదని పెట్టుకున్నాం. గుండె ఆగి బతికినవాళ్ల ఒంటి వేడి ఎంత ఉంచాలో చూసి 2021లో వచ్చిన టీటీఎం2 ట్రయల్ 33 డిగ్రీలకు చల్లబరచడం వల్ల అదనపు మేలు కనిపించలేదని తేల్చాక మేం ఇదే పాటిస్తున్నాం. కానీ ఆయనకు వణుకు ఆగలేదు. వణికితే వేడి పెరుగుతుంది, గుండెకు భారం. అందుకని ప్రొపొఫాల్‌కు తోడు మిడజొలామ్ అనే ఇంకో మత్తు మందు కూడా కలిపాం. ఆ పూటకు అది సరైన నిర్ణయమే. తర్వాత వచ్చిన తికమకలో సగానికి అదే మూలమైంది.

మంగళవారం మధ్యాహ్నానికి, అంటే సుమారు 31 గంటల దగ్గర, ఈఈజీ తీయించాం. బర్స్ట్ సప్రెషన్ వచ్చింది: కాసేపు అలలు, కాసేపు చదును గీత. మత్తు జోరుగా నడుస్తుండగా తీసిన ఈఈజీ అది. రిపోర్టులో మాత్రం మత్తు సంగతి ఒక మూల చిన్న అక్షరాల్లో ఉండి, "తీవ్ర అసాధారణం" అన్న మాట పైన పెద్దగా కనబడింది. ఫైలు తిరగేసే ఎవరి కళ్లకైనా ముందు పడేది ఆ పై మాటే.

అప్పటికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినైన్ 1.0 నుంచి 2.9కి పాకింది, అంటే కిడ్నీలు మందగించాయి. బుధవారం పొద్దున మత్తు మందులన్నీ ఆపేశాం. అదే సమయంలో, 48 గంటలు నిండాయని ఎన్‌ఎస్‌ఈకి రక్తం తీశారు. ఈ పరీక్ష మా ఆసుపత్రిలో జరగదు, బయట ల్యాబుకు పంపుతాం.

తప్పిన చోటు

రిపోర్టు బుధవారం రాత్రి ఎనిమిదింటికి నా ఫోనుకే వచ్చింది. 84.

ఐసీయూ బయట వరండాలో కొడుకు కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి లేచాడు. "ఏమైంది సార్, రిపోర్ట్ వచ్చిందా?" అని అడిగాడు. నేను నిలబడే చెప్పాను: "ఒక రక్తపరీక్ష ఎక్కువగా వచ్చింది బాబూ. మెదడుకు దెబ్బ గట్టిగానే తగిలినట్టుంది." తప్పుడు మాట కాదు, ఆ క్షణానికి నేను నమ్మిందే చెప్పాను. నా బుర్రలో అప్పటికే రెండు చెడు సూచనలు జత కలిశాయి: ఈఈజీ, ఎన్‌ఎస్‌ఈ. 72 గంటలు ఇంకా నిండలేదనీ, ఆ రెండిటికీ వేరే కారణం ఉండొచ్చనీ నాకు తట్టలేదు.

తెల్లారేసరికి నల్గొండ వైపు నుంచి పేషెంటు అన్నగారు, మరో నలుగురు వచ్చేశారు. రాత్రికి రాత్రే నా మాట చుట్టాలందరి ఫోన్లలో తిరిగి "బ్రెయిన్ డెడ్ అంట" అయింది. పెద్దాయన చేతులు కట్టుకుని చాలా మర్యాదగా అన్నారు: "సార్, మీరు చేసేదంత చేసిన్రు. ఇంటికి తీసుకపోతం. పాణం ఇంట్ల పోతే మంచిది." అంబులెన్సు కూడా మాట్లాడి ఉంచారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రాణాధార చికిత్స ఆపడానికి మన దేశంలో సుప్రీంకోర్టు 2018లో ఒక పద్ధతి పెట్టింది, 2023లో దాన్ని సులువు చేసింది. ప్రైమరీ మెడికల్ బోర్డు చూడాలి, సెకండరీ బోర్డు చూడాలి, అన్నీ రాతపూర్వకంగా ఉండాలి. వైద్య సలహాకు వ్యతిరేకంగా డిశ్చార్జి, మేం లామా అంటాం, దానికి ఏ బోర్డూ అక్కర్లేదు, ఒక సంతకం చాలు. ఆ సంతకం చాలాసార్లు డాక్టరు వరండాలో అన్న ఒక వాక్యం మీద పడుతుంది. వెంటిలేటర్ తీసి ఇంటికి తీసుకెళ్తే ఆయన సాయంత్రం దాకా ఉండరు. అప్పుడు ఎన్‌ఎస్‌ఈ 84 సరిగ్గానే చెప్పిందని మేమందరం అనుకునేవాళ్లం. అది తప్పని తెలిసే దారే ఉండేది కాదు. ఈ రంగంలో రాసే ప్రతి పరిశోధకుడినీ వేధించే చిక్కు ఇదే: మనం చెప్పిన జోస్యాన్ని మనమే నిజం చేయడం.

మలుపు

పెద్దాయనతో మాట్లాడే ముందు ఫైలు ఇంకోసారి చూద్దామని బెడ్ దగ్గరికి వెళ్లాను. రాత్రి డ్యూటీ సిస్టర్ అప్పగింతలు చెబుతూ, ఎవరూ అడగకుండానే అన్నారు: "సార్, నిన్న పొద్దున ఆ బ్లడ్ తీయడానికి చాలా కష్టమైంది. అప్పుడు లైనులోంచి రక్తం రాలేదు. సన్న సూదితో చేతి మీద రెండు చోట్ల గుచ్చి లాగి లాగి తీశాం."

ఆ మాటతో బుధవారం పొద్దుటి బయోకెమిస్ట్రీ వెతికాను. అదే సిరంజిలోని రక్తంతో చేసిన పొటాషియం 6.4. పది నిమిషాల తేడాలో, ధమనిలో పెట్టిన ఆర్టీరియల్ లైను నుంచి తీసిన బ్లడ్ గ్యాస్‌లో పొటాషియం 4.3. రెసిడెంట్ డాక్టర్ ఆ 6.4 చుట్టూ పెన్నుతో గీసి "హిమోలైజ్డ్, రిపీట్", అంటే రక్తకణాలు పగిలాయి, మళ్లీ చేయాలి అని రాసి, రిపీట్ నార్మల్ వచ్చాక వదిలేశాడు. అతను చేసింది సబబే. అదే సిరంజిలోంచి ఇంకో ట్యూబు ఎన్‌ఎస్‌ఈకి వెళ్లిందని మాకెవరికీ గుర్తు రాలేదు.

ఎన్‌ఎస్‌ఈ ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది, ప్లేట్‌లెట్లలోనూ ఉంటుంది. సన్న సూదిలోంచి గట్టిగా లాగితే కణాలు పగిలి, పొటాషియం ఎలా బయటపడుతుందో ఎన్‌ఎస్‌ఈ కూడా అలాగే బయటపడుతుంది. ట్యూబును మిషన్లో తిప్పి సీరం, అంటే కణాలు లేని ద్రవం, వేరు చేయడం ఆలస్యమైతే ఇంకాస్త పెరుగుతుంది. మా ట్యూబు నగరం ఆ చివరి నుంచి ఈ చివరికి బైకు మీద వెళ్లింది. ల్యాబుకు ఫోన్ చేసి మిగిలిన సీరం ఉంటే చూడమన్నాను. టెక్నీషియన్ పది నిమిషాల తర్వాత చెప్పాడు: "కొంచెం ఎర్రగానే ఉంది సార్." రిపోర్టులో ఆ ముక్క లేదు. మా ఫారంలో అడిగిందీ లేదు.

నా చేతిలో ఉన్న రెండు చెడు సూచనలూ ఒక్కసారిగా పేలపిండిలా రాలిపోయాయి. ఈఈజీ మత్తులో తీసింది. ఎన్‌ఎస్‌ఈ పగిలిన రక్తంలో చూసింది. దానర్థం ఆయన బాగున్నారని కాదు. మాకింకా ఏమీ తెలియదని.

కుటుంబంతో

పెద్దాయనను, వాళ్లావిడను, కొడుకును ఒక గదిలో కూర్చోబెట్టాను. "అన్నా, నిన్న రాత్రి నేను తొందరపడి చెప్పాను. ఆ రక్తం సరిగ్గా తీయలేదు, ఆ రిపోర్టును నమ్మడానికి లేదు" అన్నాను. వాళ్లావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "మరి ఇప్పుడు లేస్తడంటరా?" అన్నారు. "అనట్లేదు. లేవడని కూడా అనలేను. నాకు రెండు రోజులు ఇవ్వండి."

రెండు రోజులకు ఎంతవుతుందో అక్కడే కాగితం మీద రాసి చూపించాను. ఆ రెండు రోజుల్లో ఏ పరీక్షలు చేస్తామో, ఏవి చేయమో చెప్పాను. రోజూ అలవాటుగా వెళ్లే రక్తపరీక్షల్లో సగం కొట్టేశాను. కుటుంబం ప్లాటు అమ్మే మాటల్లో ఉందని కొడుకు ముందే చెప్పాడు. డబ్బు సంగతి ఎత్తకుండా "ఓపిక పట్టండి" అనడం నాకు న్యాయంగా అనిపించలేదు. పెద్దాయన అంబులెన్సును వెనక్కి పంపారు.

పనిచేసినవి

గురువారం పొద్దున, 72 గంటల దగ్గర, రక్తం నేనే తీశాను. ఆర్టీరియల్ లైను నుంచి, ముందు కొంత వదిలేసి, సిరంజిని నెమ్మదిగా లాగి. మా ల్యాబులోనే వెంటనే సీరం వేరు చేయించి చల్లగా పంపాను. సీరం లేత పసుపు రంగులో ఉంది, వెలుగుకు పట్టి చూశాను. అదే ల్యాబు, అదే మిషన్. పద్ధతి మారితే అంకె మారుతుంది కాబట్టి ఈసారి వేరే ల్యాబు వద్దనుకున్నాను.

సాయంత్రానికి 31 వచ్చింది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది, నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది అదే. ఎన్‌ఎస్‌ఈ రక్తంలో సగానికి తగ్గడానికి ఇంచుమించు 24 నుంచి 30 గంటలు పడుతుంది. బుధవారం నిజంగానే 84 ఉండి, ఆ తర్వాత మెదడు నుంచి కొత్తగా ఏమీ రాకపోయినా, గురువారానికి 42 కంటే బాగా కిందికి దిగకూడదు. 31 వచ్చిందంటే మొదటి 84లో చాలా భాగం మెదడుది కాదు. ఒంట్లో ఉన్న పదార్థం తనకు తానుగా తగ్గే వేగం కంటే తొందరగా అంకె పడిపోతే, ముందు అంకెను అనుమానించాలి.

శుక్రవారం రెండో ఈఈజీ తీశాం. మత్తు ఆపి రెండు రోజులైంది. కిడ్నీలు మందగిస్తే మిడజొలామ్ విరిగాక మిగిలే పదార్థం కూడా ఒంట్లో పేరుకుని మత్తు ఇస్తుంది. కాబట్టి మామూలు మనిషికి పెట్టే గడువు ఈయనకు సరిపోదు. అయినా ఈసారి అలలు ఆగకుండా నడుస్తున్నాయి, నెమ్మదిగా ఉన్నాయి, చెవి దగ్గర చప్పట్లు కొడితే మారుతున్నాయి.

అదే రోజు ఎస్‌ఎస్‌ఈపీ చేశాం. యంత్రం కింద న్యూరాలజీ ల్యాబులో ఉంటుంది. వెంటిలేటర్ మీదున్న మనిషిని దించలేక, యంత్రాన్నే ట్రాలీ మీద ఐసీయూకు తెప్పించాం. మణికట్టు దగ్గర మీడియన్ నరానికి చిన్న షాకులు ఇస్తారు. ప్రతి షాకుకూ బొటనవేలు చిన్నగా ఎగిరిపడుతుంది. కొన్ని వందల షాకుల సగటు తీసి, తలమీది ఎలక్ట్రోడ్లలో 20 మిల్లీసెకన్ల దగ్గర గీత లేస్తుందేమో చూస్తారు. ఆ గీతనే ఎన్20 అంటాం. రెండువైపులా అది లేకపోతే చాలా చెడ్డ సూచన. మత్తు దీన్ని పెద్దగా తాకదు, అందుకే నాకు ఈ పరీక్ష మీద గురి ఎక్కువ. తెర మీద పిచ్చిగీతల్లోంచి మెల్లగా ఒక దిబ్బ తేలింది. ఎడమవైపు తేలింది, తర్వాత కుడివైపు. నా పక్కన నిలబడ్డ రెసిడెంట్ ఊపిరి బిగబట్టి ఉన్నాడని వదిలినప్పుడే తెలిసింది.

ఎన్20 ఉన్నంత మాత్రాన లేస్తారని హామీ లేదు. ఎన్‌ఎస్‌ఈ 31 కూడా హామీ కాదు. కానీ లేవరు అనడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా మిగల్లేదు. కుటుంబానికి ఆ మాటే, ఆ మాటల్లోనే చెప్పాను.

శనివారం రాత్రి కళ్లు తెరిచారు, చూపు మాత్రం ఎటో ఉంది. సోమవారం, ఎనిమిదో రోజు, వాళ్లావిడ చెయ్యి పట్టుకుని "నన్ను గుర్తు పట్టినవా?" అని అడిగితే వేళ్లు బిగించారు. నేను అడిగినప్పుడు ఇంకా చేయలేదు. మధ్యాహ్నానికి నాక్కూడా నాలుక చూపించారు. పదో రోజు ట్యూబ్ తీశాం.

నేను మార్చుకున్నవి

ఈ కేసు చదివి ఎన్‌ఎస్‌ఈ పనికిరాదని ఎవరూ అనుకోవద్దు. రక్తం శుభ్రంగా తీసి, 48 దగ్గర, 72 దగ్గర అంకె పెరుగుతూ పోయి, ఎన్20 రెండువైపులా లేకపోతే అది నిజమే చెబుతోంది. అలాంటి కుటుంబాలకు కూడా నేను ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వచ్చింది, చెప్పాను. ఆలస్యం చేసి వాళ్లను అప్పుల్లోకి నెట్టడం దయ కాదు. అందుకే అంకె నమ్మదగ్గదిగా ఉండాలి.

సీరం తేటగా ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటు. బెలూన్ పంప్, అంతకంటే ఎక్కువగా గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే ఎక్మో యంత్రం, ఒంట్లోనే రక్తకణాలను నలుపుతాయి. అలా బయటపడ్డ హిమోగ్లోబిన్ కొన్ని గంటల్లో రక్తం నుంచి పోతుంది, ఎన్‌ఎస్‌ఈ మాత్రం రోజంతా ఉండిపోతుంది. సీరం లేత పసుపుగా ఉన్నా అంకె ఎక్కువ ఉండొచ్చు. అందుకే గుండెకు యంత్రం ఆసరా ఉన్న పేషెంటులో ఒక్క అంకె కంటే, రోజురోజుకూ అది పోతున్న దారిని చూస్తున్నాను.

ఎస్100బి అని ఇంకో మార్కర్ ఉంది, అది కొవ్వు నుంచి కూడా వస్తుంది, దానికీ ఇలాంటి చిక్కులే. న్యూరోఫిలమెంట్ లైట్ మీద నాకు ఆశ ఎక్కువ. నాడీతంతువుల లోపలి పోగు అది, ఎర్ర రక్తకణాల్లో ఉండదు. టీటీఎం2కి ముందు జరిగిన టీటీఎం ట్రయల్ రక్తనమూనాల మీద 2019లో వచ్చిన పరిశోధనలో ఎన్‌ఎస్‌ఈ కంటే మెరుగ్గా పనిచేసింది. మా ఐసీయూలో ఇప్పటికీ చేతికందేది మాత్రం ఎన్‌ఎస్‌ఈనే.

ఈఈజీ కోరే ఫారం మీద మత్తు మందుల పేరు, ఎప్పుడు ఆపామన్నది పై వరుసలోనే రాస్తున్నాం. ఎన్‌ఎస్‌ఈ ట్యూబుతో పాటు ఒక చీటీ వెళ్తుంది: ఎక్కడి నుంచి తీశారు, ఎన్ని గంటలకు, ఎవరు తీశారు, సీరం రంగేమిటి, అదే రక్తంలో పొటాషియం ఎంత. ఆ చీటీ మొదటిసారి రాసింది ఆ రాత్రి డ్యూటీ సిస్టరే. రిపోర్టు ఇప్పుడు నా ఫోనుకు రాదు, ఫైలుకే వస్తుంది. చీటీ పక్కన పెట్టుకుని చదివేదాకా వరండాలోకి వెళ్లను.

మూడు నెలలకు ఆయన ఫాలోఅప్‌కు వచ్చారు. నడక బాగుంది, సొంత పనులు చేసుకుంటున్నారు. ఆ సోమవారం, దానికి ముందు వారం ఏమీ గుర్తులేదు. కొత్త విషయాలు నిలవడం లేదు. షాపులో ఏ మేకు ఏ అరలో ఉందో పాతది అంతా చెబుతారట, పొద్దున ఎవరికి అప్పు ఇచ్చారో మధ్యాహ్నానికి మరిచిపోతారట. కొడుకు ఒక నోటుబుక్కు కొనిచ్చాడు. జేబులోంచి తీసి నాకు చూపించారు. మొదటి పేజీలో నా పేరు, ఓపీ గది నంబరు, కింద బీపీ మాత్ర పేరు రాసి, మాత్ర పేరుకు రెండుసార్లు గీత గీసి ఉంది.